ఇంజను పరిమాణము – సామర్థ్యము

అంతర్దహన యంత్రమునందలి పిస్టన్లు తమ తమ సిలిండర్లలో ఒక కొననుండి వేఱొక కొనకు ఒక్కమారు కదలినప్పుడు ఖాళీచేయు స్థలముల మొత్తమునకు ఇంజను పరిమాణమని పేరు. దీనిని ఘనపు సెంటీమీటర్లలో, అనగా వాడుకలో సి.సి.లలో, కొలుతురు, 1000 సి.సి.లు ఒక లీటరు. ఆ యింజను నియతకాలములో చేయగల పనిని సామర్థ్య మందురు. దీనికి అశ్వశక్తియు, కిలోవాటును కొలమానములు. పరిమాణము పాత్రయొక్క కొలత. సామర్థ్యము పనియొక్క కొలత. ఈ రెంటికిని సంబంధము కలదుగాని సమానత్వము లేదు. ఆ సంబంధ మెట్టిదో, అది యెచ్చట బలపడి యెచ్చట సడలునో వివరించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఒక సీమ, అయిదు ఇంజన్లు

ఏలూరునకు పడమట, విజయవాడ పోవు రైలుమార్గమున తరువాతి స్టేషను వట్లూరు. తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు 16వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతముననే సాగును. దక్షిణమున కొల్లేటి సరస్సును, దాని నానుకొనిన చేపల చెరువులును గలవు. ఈ సీమలో ఒక్క పూట తిరిగిన వారికి కనబడు ఇంజన్లలో అయిదింటిని ఎన్నుకొన్నచో ప్రస్తుత విషయమంతయు వానియందే యిమిడియున్నది. చెరువు గట్టున నీరు తోడు కిర్లోస్కర్ ఆయిలు ఇంజను ఒకటి. దానిని నడుపు రైతు ఎక్కి వచ్చిన స్ప్లెండరు మోటారు సైకిలు ఒకటి. చేను దున్ను మహీంద్రా 575 ట్రాక్టరు ఒకటి. రహదారిపై పోవు స్విఫ్ట్ డిజైరు డీజిలు కారు ఒకటి. కైకలూరు, ఆకివీడు ప్రాంతములనుండి మంచు నింపిన పెట్టెలలో చేపల నెత్తుకొని దూరదేశములకు బయలుదేరు లారీ ఒకటి.

కిర్లోస్కర్ ఏ.వి.1 రకపు ఆయిలు ఇంజను పరిమాణము 553 సి.సి.; దాని సామర్థ్యము 5 అశ్వశక్తులు. స్ప్లెండరు పరిమాణము 97.2 సి.సి. మాత్రమే, అనగా ఆయిలు ఇంజనులో ఆఱవ వంతునకు కొంచెము మించినది. అయినను దాని సామర్థ్యము నమూనానుబట్టి 7 మొదలు 8 అశ్వశక్తులవఱకు నుండును. గట్టున స్థిరముగా బిగించిన బరువైన యంత్రముకంటె, దాని ప్రక్కనే చెట్టునీడన నిలిపిన చిన్న బండియే యెక్కువ సామర్థ్యము గలదగుట ఎట్లు పొసగునని అడుగువానికి సరియైన సమాధానము దొరకినచో, సి.సి.కిని అశ్వశక్తికిని గల సంబంధము చాలవఱకు బోధపడినట్లే.

పరిమాణమును గణించు విధము

సిలిండరు లోపలి వ్యాసమును మన మెకానిక్కులు బోరనియు, పిస్టను నడచు దూరమును స్ట్రోకనియు వ్యవహరింతురు. బోరు వర్గమును స్ట్రోకుచేతను, ఆ వచ్చినదానిని 0.7854 చేతను హెచ్చించి, సిలిండర్ల సంఖ్యచే గుణించిన పరిమాణము తేలును. ఆయిలు ఇంజను బోరు 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110 మిల్లీమీటర్లు, సిలిండరు ఒక్కటే. కావున 553 సి.సి. స్ప్లెండరునకు 50, 49.5 మిల్లీమీటర్లు. 1983లో వెలువడి మన మధ్యతరగతి కుటుంబములకు తొలి కారైన మారుతి 800కు బోరు 68.5, స్ట్రోకు 72 మిల్లీమీటర్లు, సిలిండర్లు మూడు. కావున 796 సి.సి. ఒకప్పుడు ఏలూరు టాక్సీ స్టాండునందును, ప్రభుత్వ కార్యాలయముల ముంగిటను వరుసగా కానవచ్చిన అంబాసిడరునకు బోరు 73.025, స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు, సిలిండర్లు నాలుగు. కావున 1489 సి.సి.

బోరు వర్గించబడుటచే దానియందలి స్వల్పభేదము ఫలమున రెట్టింపై కనబడును. అరిగిన సిలిండరును రీబోరింగు చేయించినప్పుడు వ్యాసము నూటికి ఒక పాలు పెరిగినచో పరిమాణము రెండు పాళ్ళు పెరుగును. అయితే రీబోరింగు పిమ్మట బండికి వచ్చిన క్రొత్త బలము ఈ రెండు పాళ్ళ వలన గాక, పోయిన కంప్రెషను, అనగా సిలిండరులో గాలి నదుము బిగువు, మరల వచ్చుటవలన నేర్పడినదని గ్రహింపవలెను.

సామర్థ్యము, టార్కు

ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్స్ వాట్, తన యంత్రము ఎన్ని గుఱ్ఱముల పని చేయునో కొనువారికి తెలుపుటకై, నిమిషమునకు 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తు లేపు పనిని అశ్వశక్తిగా నిర్ణయించెను. ఇది 745.7 వాట్లు. యూరపు ఖండమున సెకనుకు 75 కిలోగ్రాములను ఒక మీటరు ఎత్తుటను ప్రమాణముగా గొనిరి, ఇది 735.5 వాట్లు. కార్ల పత్రములలో కనబడు బి.హెచ్.పి., పి.యస్. అను గుర్తుల నడుమ భేదమిదియే.

ఇరుసును త్రిప్పు బలమును టార్కందురు. దీనిని న్యూటన్ మీటర్లలో కొలుతురు. ఆ బలముతో ఇరుసు నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుననునది వేగము. టార్కును వేగముచే హెచ్చించి 9549 చే భాగించిన కిలోవాట్లు వచ్చును. తాడేపల్లిగూడెమునందలి జాతీయ సాంకేతిక సంస్థవంటి విద్యాలయములలోను, ఏలూరు, వట్లూరుల ఇంజనీరింగు కళాశాలలలోను ఈ విద్య నభ్యసించు బాలురకును బాలికలకును, బ్రేకు చక్రముచుట్టు త్రాడు చుట్టి, దాని ఒక కొనను స్ప్రింగు త్రాసునకు తగిలించి టార్కును కొలుచు ప్రయోగము సుపరిచితము. అట్లు ఇరుసుకడ కొలిచి రాబట్టినదగుటచేతనే దానికి బ్రేకు అశ్వశక్తియను పేరు కలిగినది.

బలము వేఱు, బలము పనిచేయు వేగము వేఱు. బండి బురదలో దిగబడినప్పుడు మొదట కావలసినది చక్రముకడ టార్కు. సమతలపు రహదారిపై వేగముగా పోవుటకు కావలసినది సామర్థ్యము. గేర్లు టార్కును పెంచి వేగమును తగ్గింపగలవు, వేగమును పెంచి టార్కును తగ్గింపగలవు. సామర్థ్యమును మాత్రము ఇసుమంతయు పెంపజాలవు.

శ్వాస లెక్క

ఇంజను తినునది ఇంధనమని లోకము తలచును. నిజమునకు అది అంతకంటె అధికముగా తినునది గాలి. ఒక గ్రాము పెట్రోలు సంపూర్ణముగా దహింపబడుటకు 14.7 గ్రాముల గాలి కావలెను. అది సుమారు 12 లీటర్ల ఘనపరిమాణము. ఒక లీటరు పెట్రోలు కాలుటకు 9 వేల లీటర్ల గాలి కావలసియుండును. ఇంధనమును ఎంతయైనను చిమ్మవచ్చును. దానిని కాల్పగల గాలి లోపలికి రావలెను. కావున ఇంజను పరిమాణమనగా ఒక్క శ్వాసలో అది పీల్చగల గాలి పరిమితియని చెప్పుట సమంజసము.

ధాన్యపు రాశివద్ద పెద్ద కుంచముతో నెమ్మదిగా కొలుచువాడును, చిన్న సోలతో చకచక కొలుచువాడును ఒక గంటలో సమానమైన ధాన్యమును కొలువవచ్చును. ఇంజన్లయందును ఇట్లే జరుగును. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒక్కమారు శ్వాసించును. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు ఆయిలు ఇంజను 750 మార్లు, మారునకు 553 సి.సి. చొప్పున, నిమిషమునకు 415 లీటర్ల గాలికి చోటిచ్చును. నిమిషమునకు 8000 చుట్లు తిరుగు స్ప్లెండరు 4000 మార్లు, మారునకు 97.2 సి.సి. చొప్పున, 389 లీటర్లకు చోటిచ్చును. ఆఱవ వంతు పరిమాణముగల బండి, ఆయిలు ఇంజనుతో దాదాపు సమానమైన శ్వాస గలదని దీనివలన తేటపడుచున్నది.

అట్లైన ఆయిలు ఇంజనును 8000 చుట్లు త్రిప్పరాదా యనిన, దాని స్ట్రోకు అడ్డువచ్చును. 110 మిల్లీమీటర్ల దూరము నడచు పిస్టను 1500 చుట్లకడ సెకనుకు సగటున 5.5 మీటర్ల వేగముతో కదలును. 8000 చుట్లకడ ఆ వేగము 29 మీటర్లు దాటును. అప్పుడు కనెక్టింగు రాడ్డునకును, బేరింగులకును ప్రళయమే. స్ప్లెండరు పిస్టను 8000 చుట్లకడ కూడ సెకనుకు 13 మీటర్లే నడచును. చిన్న సిలిండరునకు వేగము సహజము. పెద్ద సిలిండరునకు నిదానము సహజము.

శ్వాస సమానమై యుండగా ఆయిలు ఇంజను మఱియు తక్కువ పని చేయుటకు రెండు హేతువులున్నవి. డీజిలు సన్నని తుంపరలుగా చిమ్మబడి, పొగ రాకుండ కాలవలెనన్న గాలి అవసరమునకు మించి యుండవలెను. కావున పీల్చిన గాలి నంతటిని అది వినియోగింపజాలదు. రెండవది, దాని 5 అశ్వశక్తులు గంటల తరబడి యెడతెగక యీయవలసినవి. మోటారు సైకిలు 8 అశ్వశక్తులు బండి పూర్తి వేగమున పోవు కొద్ది క్షణములలో మాత్రమే వెలువడునవి. మూడు మీటర్ల ఎత్తునకు నీరు తోడునప్పుడు, పంపు దక్షత సగమే యనుకొన్నను, 5 అశ్వశక్తులు సెకనుకు 60 లీటర్లకు పైగా నీటి నెత్తును. రాత్రంతయు ఆ ధారను నిలుపుట ఆయిలు ఇంజను ధర్మము. వేగమును అదుపుచేయు గవర్నరును బిగించి వేగము పెంచి అధికసామర్థ్యము పిండుకొనగోరు రైతు, రానున్న సంవత్సరముల ఆయువును నేడే ఖర్చు చేయుచున్నాడని తెలిసికొనవలెను.

గాలి సాంద్రత, టర్బో

రెండవ జంటను పరిశీలింతము. మహీంద్రా 575 ట్రాక్టరు ఇంజను 2730 సి.సి.; 1900 చుట్లకడ సుమారు 45 అశ్వశక్తులు. స్విఫ్ట్ డిజైరునందు 2020 వఱకు అమర్చిన డీజిలు ఇంజను 1248 సి.సి.; 4000 చుట్లకడ 75 అశ్వశక్తులు. నిమిషపు శ్వాస గణించిన ట్రాక్టరునకు 2593 లీటర్లు, కారునకు 2496 లీటర్లు, అనగా సమానప్రాయము. అయినను కారు సామర్థ్యము ఒకటిన్నర రెట్లకు మించియున్నది. ఈమారు భేదము వేగమున లేదు, గాలి సాంద్రతయందున్నది. కారునందలి టర్బోచార్జరు, బయటికి పోవు పొగ వేగముతో ఒక చిన్న చక్రమును త్రిప్పి, దాని ఇరుసునకే బిగించిన వేఱొక చక్రముచే గాలి నదిమి సిలిండరులోనికి పంపును. అదే లీటరు స్థలమున ఇప్పుడు ఎక్కువ గాలి పట్టును. దానికి తగినంత ఎక్కువ డీజిలు కాలును. ఆ యింజను 190 న్యూటన్ మీటర్ల టార్కు నిచ్చుట, అనగా లీటరు పరిమాణమునకు 152 న్యూటన్ మీటర్లు, దీనివలననే సాధ్యమైనది. టర్బో లేని మారుతి 800 ఇచ్చునది లీటరునకు 74 మాత్రమే.

ఇంకొక విశేషము. ఫియట్ సంస్థ రూపొందించిన ఈ 1248 సి.సి. ఇంజనే, రెక్కల కోణమును మార్చుకొనగల టర్బోతో వేఱు కార్లలో 90 అశ్వశక్తుల నిచ్చినది. బోరు 69.6, స్ట్రోకు 82 మిల్లీమీటర్లు, రెంటియందును మార్పులేదు. రిజిస్ట్రేషను పత్రమున వ్రాసిన పరిమాణ మొక్కటే యైనను సామర్థ్యమున 15 అశ్వశక్తుల భేదము కలిగెను. పరిమాణము తెలిసిన మాత్రాన సామర్థ్యము తెలియదనుటకు ఇంతకు మించిన నిదర్శనము వేఱొకటి అక్కరలేదు.

పరిమాణము, వేగము, సిలిండరులోని సగటు ఒత్తిడి: ఈ మూటి లబ్ధమే సామర్థ్యము. ఆయిలు ఇంజనును, 5000 చుట్లకడ 37 అశ్వశక్తుల నిచ్చు మారుతి 800ను పోల్చి ఈ సూత్రమును పరీక్షింపవచ్చును. పరిమాణము 1.44 రెట్లు, వేగము 3.33 రెట్లు, సగటు ఒత్తిడి సుమారు 1.55 రెట్లు, మూటిని హెచ్చించిన 7.4 రెట్లు, 5 అశ్వశక్తులకు అన్ని రెట్లు 37. పరిమాణమునకు లభించిన పాలు మూటిలో కనిష్ఠము.

రెండు స్ట్రోకులు, నాలుగు స్ట్రోకులు

1985లో మన దేశమున రెండు మోటారు సైకిళ్ళు వెలువడినవి. హీరో హోండా సి.డి. 100 ఇంజను 97.2 సి.సి.; యమహా ఆర్.ఎక్స్. 100 ఇంజను 98 సి.సి. రెంటి బోరును 50 మిల్లీమీటర్లే. మొదటిది 7 అశ్వశక్తులకు కొంచెము పైగా, రెండవది 11 అశ్వశక్తులు. 1876లో నికొలస్ ఒట్టో నిర్మించిన పద్ధతిని అనుసరించు మొదటిది రెండు చుట్లకొక్కమారు మండును. రెండు స్ట్రోకుల దగు రెండవది చుట్టు చుట్టునకు మండును. అయినను మంటలు రెట్టింపైనంత మాత్రమున సామర్థ్యము రెట్టింపు కాలేదు; క్రొత్త మిశ్రమములో కొంత భాగము కాలక మునుపే పొగతోబాటు వెలికి పోవును, నూనెయు దానితో కాలును. కనుకనే ఆ జాతి బండి పికప్పునకు ప్రసిద్ధమైనను, కాలుష్య నియమములు కఠినమైన కొలది రహదారులనుండి తొలగిపోయినది. మైలేజిగల మొదటి జాతియే పల్లె పల్లెను నిలిచినది.

ఋతువు, ఎత్తు

ఇంజను పీల్చునది గాలి యగుటచే గాలి స్వభావము దానికి సోకక తప్పదు. మాఘమాసపు వేకువను 20 డిగ్రీల చల్లదనమున కొల్లేటి గట్టుపై నుండు గాలికంటె, రోహిణీ కార్తె మధ్యాహ్నమున 42 డిగ్రీల గాలి నూటికి 7 పాళ్ళు పలుచన. నీటియావిరి కలిసినచో అది స్థలము నాక్రమించి మఱికొంత లోటు కలిగించును. వేసవిలో బండి లాగుటలేదని చెప్పువాడు ఊరక చెప్పుటలేదు. టర్బో ఇంజన్లకు గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరు నమర్చుటకును కారణమిదియే. కొల్లేటి సీమ సముద్రమట్టమునకు కొద్ది అడుగుల ఎత్తుననే యుండుటచే ఎత్తు వలని నష్టము మనకు లేదు. ఇచ్చటి కారు అరకు లోయవఱకు ఎక్కినప్పుడు గాలి ఒత్తిడి సుమారు పదవవంతు తగ్గుటచే ఆ మేరకు టర్బో లేని యింజను సామర్థ్యమును కోలుపోవును.

పన్నులు, పరిమాణము

పరిమాణము తేలికగా కొలువదగినదగుటచే ప్రభుత్వములు దానినే పన్నులకు ఆధారముగా గైకొన్నవి. బ్రిటనులో 1910 ప్రాంతమున ఏర్పడిన పన్ను అశ్వశక్తి, బోరు వర్గమును సిలిండర్ల సంఖ్యచే హెచ్చించి గణించునది. స్ట్రోకు దాని లెక్కలోనికి రాలేదు. కాబట్టి అచ్చటి నిర్మాతలు బోరును కుదించి స్ట్రోకును పొడిగించిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ పన్ను పోయినను, అలవాటు కొంతకాలము నిలిచినది. బ్రిటిషు కారైన మారిస్ ఆక్స్‌ఫర్డునుండి పుట్టి, 2014 వఱకు హుగ్లీ తీరమున ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడరు ఇంజనులో బోరుకంటె స్ట్రోకు 16 మిల్లీమీటర్లు పొడవై యుండుట ఆ సంప్రదాయపు ఛాయయే.

మన దేశమున 2006 కేంద్ర బడ్జెటు, 4 మీటర్లకు మించని పొడవును, పెట్రోలైన 1200 సి.సి.కి, డీజిలైన 1500 సి.సి.కి మించని ఇంజనును గల కార్లను చిన్నకార్లుగా పరిగణించి సుంకము తగ్గించెను. 1197, 1199, 1497, 1498 సి.సి. ఇంజన్లు నేడింత విరివిగా నుండుటకు యంత్రశాస్త్రముకంటె ఈ హద్దే ముఖ్యకారణము. వస్తుసేవల పన్నులోను ఈ హద్దులు నిలిచి, 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లకు నూటికి 18, పెద్ద కార్లకు 40 చొప్పున పన్ను విధింపబడుచున్నది. ఇతరులకు కలుగు నష్టమునకై తప్పనిసరిగా చెల్లింపవలసిన బీమాయు, 1000 సి.సి., 1500 సి.సి.ల హద్దులతో మూడు తరగతులుగా నున్నది. పరిమాణము పెరిగిన ఖర్చు పెరుగుట నిశ్చయము. సామర్థ్యము పెరుగుట అంత నిశ్చయము కాదు.

తగిన ఇంజను

లీటరు పరిమాణమునకు ఎన్ని అశ్వశక్తులు వచ్చునను లెక్కనుబట్టి యంత్రమును మెచ్చుటయు పొరపాటే. ఆ లెక్కలో స్ప్లెండరునకు సుమారు 80, 5675 సి.సి.ల ఆఱు సిలిండర్ల ఇంజనుతో సుమారు 130 అశ్వశక్తుల నిచ్చిన టాటా 1613 లారీకి 23 మాత్రమే. అయినను సరుకుతోకూడ 16 టన్నుల బరువును దేశము దాటించి, మంచు కరగకమునుపు చేపలను అంగడికి చేర్పవలసిన యంత్రమునకు కావలసినది తక్కువ చుట్లలో ఎక్కువ టార్కును, లక్షల కిలోమీటర్ల ఆయువును. దానికి పెద్ద పరిమాణము ఆడంబరము కాదు, అవసరము. ట్రాక్టరు విషయమును అట్టిదే. నల్లరేగడిలో నాగలి ఒక్కసారి బిగిసినప్పుడు ఆగిపోక లాగునది దాని 2730 సి.సి.లే.

కారు కొనువాడు తన త్రోవను చూచుకొనవలెను. ఏలూరునుండి తాడేపల్లిగూడెము వఱకు రహదారి సమతలము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున చిన్నకారు వినియోగించునది 10 అశ్వశక్తులకు మించదు. అయితే గాలి నెదిరించుటకు కావలసిన సామర్థ్యము వేగపు ఘనమునుబట్టి పెరుగుటచే, వేగము ఒకటిన్నర రెట్లైన ఆ భాగము మూడు రెట్లు దాటును. అయిదుగురితో, సామానుతో, ఏ.సి.తో కనుమలెక్కువారికి అధిక టార్కు మేలు. ఊరికిని చేనికిని నడుమ తిరుగువారికి చిన్న ఇంజనే చాలును.

కొన్న పిమ్మట పరిమాణమును కాపాడ నక్కరలేదు, అది పోదు, కాపాడవలసినది శ్వాస. రైసు మిల్లుల ఊకదుమ్ము ఎగురు దారులలో గాలి ఫిల్టరు నెలల తరబడి శుభ్రపరుపక విడిచినను, రింగులరిగి కంప్రెషను పోయినను, పత్రమున సి.సి. చెక్కుచెదరక యుండగనే ఇంజనులో సామర్థ్యము హరించిపోవును. పుల్లింగు లేదని మెకానిక్కు చెప్పు మాట ఈ లోటునకే పేరు.

నేడు ఏలూరు వీథులలో తిరుగుచున్న విద్యుత్తు ఆటోలకును, స్కూటర్లకును సి.సి. యనునది లేనే లేదు. అవి గాలిని పీల్చి దేనిని కాల్చునవి కావు. అయినను వానికి కిలోవాట్లున్నవి, టార్కున్నది, చేయు పనియున్నది. గాదె వైశాల్యము చూచి పంట నెవ్వరును నిర్ణయింపరు; కళ్ళమున కొలిచియే నిర్ణయింతురు. ఇంజను విషయమునను కళ్ళము ఇరుసుకడనే యున్నది.